వెళ్లొద్దనేది ఒకరు, నష్టపోయేది ఇంకొకరు: ప్రయాణ హెచ్చరికల్లో ఈ తేడాలెందుకు?

2024 ఏప్రిల్ 2న మన దేశం నుంచి అరవై మందికి పైగా నిర్మాణ కార్మికులు ఇజ్రాయెల్‌కు విమానం ఎక్కారు. రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం కింద వెళ్లిన మొదటి బ్యాచ్ అది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 12న, విదేశాంగ శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. తదుపరి సమాచారం ఇచ్చే వరకు భారతీయులెవరూ ఇరాన్‌కు గానీ ఇజ్రాయెల్‌కు గానీ వెళ్లొద్దని దాని సారాంశం.

ఆ హెచ్చరిక తప్పేమీ కాదు. మరుసటి రాత్రే ఇరాన్ నుంచి ఇజ్రాయెల్ మీదికి మూడు వందలకు పైగా డ్రోన్లు, క్షిపణులు వెళ్లాయి. సమయానికి వచ్చిన మాట అది. చిక్కు ఆ తర్వాత మొదలైంది. మే మొదటి వారానికి విదేశాంగ శాఖ స్వరం మెత్తబడింది. రెండు దేశాలూ గగనతలాన్ని తెరిచాయి కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి, ఎంబసీతో టచ్‌లో ఉండాలి అని చెప్పి ఊరుకుంది. ఆ వేసవిలోనే హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ ఉద్యోగాలకు ఎంపికలు జరిగాయి. కేంద్రం తరఫున జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, రాష్ట్రం తరఫున టామ్‌కామ్ వీటిని నిర్వహించాయి. 2,209 మంది హాజరైతే 905 మంది ఎంపికయ్యారు. ఎక్కువమంది నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల జిల్లాల వాళ్లు. నెలకు లక్ష రూపాయలు దాటే జీతం కాబట్టి తాపీమేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, టైల్స్ వేసేవాళ్లు క్యూ కట్టారు.

అప్పటికి గాజాలో యుద్ధం ఆగలేదు. లెబనాన్ వైపు నుంచి క్షిపణులూ ఆగలేదు. ఆ ఏడాది మార్చిలోనే ఆ సరిహద్దు దగ్గర పొలంలో పనిచేస్తున్న కేరళ యువకుడు ఒకరు క్షిపణి తగిలి చనిపోయారు. వెంటనే మన ఎంబసీ సరిహద్దు ప్రాంతాల్లోని భారతీయులను సురక్షిత ప్రాంతాలకు వెళ్లమని చెప్పింది. ఆ తర్వాత నెల రోజులు తిరక్కముందే మొదటి బ్యాచ్ బయలుదేరింది.

మరి ఆ దేశం ప్రమాదకరమా, కాదా? ఏప్రిల్‌లో టూరిస్టుకు ప్రమాదం అయినది వేసవిలో మేస్త్రీకి ఎలా కాకుండా పోయింది? ఈ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సమాధానం ఉండొచ్చు. పరిస్థితి మారింది, పని చేసే చోటు సరిహద్దుకు దూరం, ఒప్పందంలో రక్షణ ఉంది అనొచ్చు. కానీ ఆ లెక్క ఏదీ హెచ్చరికలో రాసి ఉండదు. ‘వెళ్లొద్దు’ అన్నప్పుడు ఏ కొలతతో అన్నారో తెలియదు. ‘వెళ్లొచ్చు’ అన్నప్పుడు ఆ కొలతలో ఏం మారిందో కూడా తెలియదు. ప్రపంచవ్యాప్తంగా ప్రయాణ హెచ్చరికల మీద ఉన్న గొడవంతా దాదాపు ఇదే.

సలహానా, ఆర్డరా?

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ట్రావెల్ అడ్వైజరీ అంటే చాలావరకు సలహా మాత్రమే. పాటించకపోతే ఎయిర్‌పోర్టులో పోలీసులు పట్టుకోరు. సలహా దాటి నిషేధం వరకు వెళ్లే సందర్భాలు తక్కువ. అమెరికా 2017 సెప్టెంబర్ నుంచి తన పాస్‌పోర్టు మీద ఉత్తర కొరియాకు వెళ్లడాన్ని ఆపేసింది. మన దేశం అదే ఏడాది యెమెన్ ప్రయాణాన్ని నిషేధించింది. అక్కడ జైల్లో మరణశిక్ష ఎదుర్కొంటున్న కూతురి కోసం వెళ్లాలనుకున్న కేరళ తల్లి ఒకరు 2023లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. నిషేధం అంటే అంత గట్టిది. మిగతావన్నీ ‘మేం చెప్పాం, ఆపై మీ ఇష్టం’ బాపతే.

కానీ సలహా అయినా దానికి బరువుంది. టూర్ కంపెనీలు దాన్ని చూసి ప్యాకేజీలు ఆపేస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని చూసి క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అని తేలుస్తాయి. విమానయాన సంస్థలు రూట్లు తగ్గిస్తాయి. హెచ్చరిక అందుకున్న దేశంలో హోటళ్లు ఖాళీ అవుతాయి, ట్యాక్సీ నడిపేవాడి దగ్గర్నుంచి గది ఊడ్చే మనిషి దాకా రోజు కూలి పోతుంది. ఒక్క పేజీ కాగితం ఇంత పని చేస్తుంది.

అమెరికా 2018 జనవరి నుంచి నాలుగు స్థాయిల పద్ధతి పెట్టింది. ఒకటి అంటే మామూలు జాగ్రత్త, రెండు అంటే కాస్త ఎక్కువ జాగ్రత్త, మూడు అంటే వెళ్లాలా వద్దా మళ్లీ ఆలోచించుకోండి, నాలుగు అంటే వెళ్లకండి. బ్రిటన్ అంకెలు వాడదు. ‘అసలు వెళ్లొద్దు’, ‘తప్పనిసరి అయితేనే వెళ్లండి’ అని రెండు రకాలుగా చెప్పి, మ్యాపులో రంగులు వేసి చూపిస్తుంది. మన విదేశాంగ శాఖకు ఇలా దేశదేశానికీ స్థాయి ఇచ్చే పట్టిక లేదు. ఏదైనా జరిగినప్పుడు ఒక ప్రకటన వస్తుంది, లేదంటే అక్కడి ఎంబసీ సోషల్ మీడియాలో నాలుగు లైన్లు పెడుతుంది. ఒకసారి ‘వెళ్లకండి’, ఇంకోసారి ‘అప్రమత్తంగా ఉండండి’, మరోసారి ‘అనవసర ప్రయాణాలు మానుకోండి’. ఈ మూడింటి మధ్య తేడా ఎంత అన్నది చదివేవాళ్లే ఊహించుకోవాలి.

స్థాయిలు పెట్టినంత మాత్రాన అంతా సరిపోయిందనీ కాదు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ కారణంగా అమెరికా ప్రపంచంలోని దాదాపు 80 శాతం దేశాలను నాలుగో స్థాయిలో పెడతామని ప్రకటించింది. యుద్ధం జరుగుతున్న సిరియాకూ, ఆస్పత్రులు నిండిన దేశానికీ ఒకటే అంకె. అన్ని చోట్లా ఎర్ర దీపం వెలిగిస్తే ఎవరు ఆగుతారు?

ట్యునీషియాకు ఒక న్యాయం, పారిస్‌కు ఇంకో న్యాయం

న్యాయం, సమానత్వం అనే మాట ఎక్కడ ఎక్కువ వినిపించిందంటే ట్యునీషియా విషయంలో. 2015 జూన్ 26న, రంజాన్ నెలలో ఒక శుక్రవారం, సూస్ నగరం దగ్గర బీచ్ హోటల్ మీద ఒక సాయుధుడు కాల్పులు జరిపాడు. 38 మంది చనిపోయారు. అందులో 30 మంది బ్రిటిష్ వాళ్లు. దానికి మూడు నెలల ముందే రాజధాని ట్యూనిస్‌లోని బార్డో మ్యూజియం మీద దాడి జరిగింది. సూస్ దాడి జరిగిన రెండు వారాలకు, జూలై 9న, తప్పనిసరి అయితే తప్ప ట్యునీషియాకు వెళ్లొద్దని బ్రిటన్ చెప్పింది. సెలవులకు వెళ్లిన వేలమందిని టూర్ కంపెనీలు వెనక్కి తెచ్చాయి. ఐర్లాండ్, డెన్మార్క్ కూడా అదే బాట పట్టాయి. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ మాత్రం పట్టలేదు. అంటే ఒకే బీచ్‌కు ఒకే వారంలో జర్మన్ కుటుంబం వెళ్లొచ్చు, ఇంగ్లిష్ కుటుంబం వెళ్లకూడదు.

నాలుగు నెలలు గడిచాయి. నవంబర్ 13న పారిస్‌లో దాడులు జరిగి 130 మంది చనిపోయారు. జాగ్రత్తగా ఉండమని అన్నారే గానీ, పారిస్‌కు వెళ్లొద్దని బ్రిటన్ తన పౌరులకు చెప్పలేదు. మరుసటి మార్చిలో బ్రస్సెల్స్‌లో 32 మంది చనిపోయారు. అప్పుడూ అంతే. ట్యునీషియా వాళ్లకు కడుపు మండిందంటే ఆశ్చర్యం లేదు. 2014లో నాలుగు లక్షలకు పైగా బ్రిటిష్ టూరిస్టులు వచ్చిన దేశం అది. ఆంక్ష 2017 జూలై 26న గానీ తొలగలేదు. రెండేళ్లు దాటింది. అరబ్ దేశాల్లో నియంతను దించి ఎన్నికలు పెట్టుకున్న దేశంగా దాన్ని పొగిడినవాళ్లే ఆదాయం ఆపేశారన్న బాధ అక్కడ గట్టిగానే వినిపించింది.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. బ్రిటన్ వాదన చావుల సంఖ్య మీద ఆధారపడింది కాదు. జరిగిన దాడి కాదు, జరగబోయే దాడిని ఆపే శక్తి అక్కడి పోలీసులకు ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. 2017లో లండన్‌లో జరిగిన మరణ విచారణలో ఈ వాదనకు కొంత బలం దొరికింది. కాల్పులు జరుగుతుంటే స్థానిక పోలీసుల్లో కొందరు కావాలనే ఆలస్యం చేశారని, వాళ్ల స్పందన పిరికితనంలా ఉందని విచారణ జరిపిన న్యాయమూర్తి తేల్చారు. పారిస్ పోలీసులతో పోలిక పెడితే తేడా ఉన్నమాట నిజమే.

అదే విచారణలో ఇంకో సంగతీ బయటికి వచ్చింది. బార్డో దాడి తర్వాత, సూస్ దాడికి ముందు, ట్యునీషియాలో ఉగ్ర దాడుల ముప్పు ఎక్కువగా ఉందని బ్రిటన్ ప్రభుత్వ సలహాలో రాసే ఉంది. ఆ సలహా తమకు ఎవరూ చూపించలేదని, టికెట్ అమ్మేటప్పుడు దాని ఊసే ఎత్తలేదని మృతుల కుటుంబాల తరఫున వాదించారు. హెచ్చరిక ఉండటం వేరు, అది డబ్బు కట్టే మనిషి చేతికి అందడం వేరు. మన దగ్గర ఏజెంట్ల ఆఫీసుల్లో ఎన్నిసార్లు ఎంబసీ సలహా చూపించి టికెట్ బుక్ చేస్తారో పాఠకులకు తెలియంది కాదు.

ఆఫీసర్లకు తెలిసింది, ప్యాసింజర్లకు తెలియలేదు

దేశాల మధ్య వివక్ష ఒకటైతే, సర్కారు మనుషులకూ సామాన్యులకూ మధ్య వివక్ష ఇంకొకటి. దీనికి 1988 నాటి కథ ఉంది. ఆ డిసెంబర్ 5న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలోని అమెరికా ఎంబసీకి ఒక ఫోన్ వచ్చింది. రెండు వారాల్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అమెరికాకు వెళ్లే పాన్ యామ్ విమానంలో బాంబు పెడతారని ఆ మనిషి చెప్పాడు. మాస్కోలోని అమెరికా ఎంబసీ ఈ సంగతిని తన సిబ్బంది చూసేలా నోటీస్ బోర్డు మీద పెట్టింది. మామూలు ప్రయాణికులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. డిసెంబర్ 21న పాన్ యామ్ 103 స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద పేలిపోయింది. విమానంలో 259 మంది, కింద ఊళ్లో 11 మంది చనిపోయారు.

ఆ ఫోన్ కాల్‌కూ బాంబుకూ సంబంధం లేదని తర్వాత అధికారులు తేల్చారు. అయినా కుటుంబాల ప్రశ్న అలాగే నిలిచింది: ఉద్యోగికి చెప్పదగ్గ మాట మా పిల్లలకు ఎందుకు చెప్పదగ్గది కాలేదు? ఆ కోపం నుంచే 1990లో చట్టం వచ్చింది, ‘నో డబుల్ స్టాండర్డ్’ అనే నియమం స్థిరపడింది. సొంత సిబ్బందికి ముప్పు గురించి చెబితే అదే మాట ప్రజలకూ చెప్పాలి. అమెరికా హెచ్చరికల్లో ‘మా ఉద్యోగులు ఫలానా ప్రాంతానికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి’ అనే లైన్లు కనిపించేది ఈ పద్ధతి వల్లే.

ఆ లైన్లు మన ఇంటి దాకా కూడా వచ్చాయి. 2025 జూన్ 16న అమెరికా భారత్ మీద ఇచ్చిన హెచ్చరికలో మావోయిస్టులు చురుగ్గా ఉన్న ప్రాంతం గురించి రాస్తూ, తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ పడమటి భాగం వరకు అని పేర్కొన్నారు. ఆ గ్రామీణ ప్రాంతాల్లో తమ పౌరులకు అత్యవసర సాయం చేసే శక్తి పరిమితం అని కూడా రాశారు. భారత్ మొత్తానికి ఇచ్చింది రెండో స్థాయి. జమ్మూకశ్మీర్‌కు మాత్రం, లద్దాఖ్ తూర్పు భాగాన్నీ లేహ్‌నూ మినహాయించి, నాలుగు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీలు కూడా ఆ ఏడాది అదే రెండో స్థాయిలో ఉన్నాయి. కాబట్టి అంకె చూసి ‘మనల్ని అవమానించారు’ అని టీవీ చర్చల్లో అరిచేవాళ్లు పక్క దేశాల అంకెలు కూడా చూడాల్సింది.

నిజంగా అడగాల్సిన ప్రశ్న ఉత్తర తెలంగాణ మాట గురించి. కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం దేశంలో మావోయిస్టు ప్రభావిత జిల్లాలు 2024 ఏప్రిల్ నాటికి 38, ఏడాది తిరిగేసరికి 18. పరిస్థితి ఇంత వేగంగా మారుతుంటే హెచ్చరికలో ప్రాంతం పేరు మాత్రం అలాగే ఉంది. ఉత్తర తెలంగాణ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవికీ, కరీంనగర్ బస్టాండుకూ తేడా లేదా? డల్లాస్‌లోనో చికాగోలోనో ఉన్న కొడుకు అక్కడి కంపెనీకి సెలవు చీటీ పెట్టి నిజామాబాద్‌లో తమ్ముడి నికాహ్‌కు వస్తుంటే, వాళ్ల ట్రావెల్ డెస్క్ ఈ లైన్ చూసి ప్రశ్నలు వేయొచ్చు. ఇలాంటి మాటలు రాయడం తేలిక, తీయడం కష్టం. రాసిన అధికారిని ఎవరూ తప్పుపట్టరు. తీసేశాక ఏదైనా జరిగితే మాత్రం ఆ అధికారి మెడకే చుట్టుకుంటుంది. హెచ్చరికలు ఆలస్యంగా తొలగడానికి కుట్ర కన్నా ఈ భయమే పెద్ద కారణం.

కోపం వచ్చినప్పుడు వచ్చే హెచ్చరికలు

అలాగని రాజకీయం లేదని కాదు. 2023 సెప్టెంబర్ 18న కెనడా ప్రధాని ట్రూడో అక్కడి పార్లమెంటులో భారత్ మీద ఆరోపణలు చేశారు. రెండు రోజులకే, సెప్టెంబర్ 20న, కెనడాలోని భారతీయులు అత్యంత జాగ్రత్తగా ఉండాలని మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. భారత వ్యతిరేక కార్యకలాపాలు, రాజకీయ అండతో జరుగుతున్న విద్వేష నేరాలు కారణమని చెప్పింది. ఆ నెలలోనే కెనడా కూడా భారత్ గురించి తన సలహాను మార్చింది. హైదరాబాద్, విజయవాడల నుంచి టొరంటో కాలేజీలకు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు రాత్రికి రాత్రి ఫోన్లు చేసి ‘బయటికి వెళ్లకు బేటా’ అన్నారు. ఆ 48 గంటల్లో టొరంటో వీధిలో ఏం మారిందని అడిగితే చెప్పడం కష్టం. మారింది రెండు రాజధానుల మధ్య మాట.

చైనా దీన్ని ఇంకా బాహాటంగా చేస్తుంది. 2025 నవంబర్‌లో జపాన్ ప్రధాని తకాయిచి తైవాన్ గురించి మాట్లాడిన వారం రోజులకే, జపాన్ వెళ్లొద్దని చైనా తన పౌరులకు చెప్పింది. భద్రత పేరే పెట్టింది. వెంటనే చైనా విమాన సంస్థలు జపాన్ టికెట్లకు ఉచితంగా రీఫండ్ ఇస్తామన్నాయి. ఈ రీఫండ్ సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

దేశం లోపల కూడా ఇలాంటిది జరిగింది. 2019 ఆగస్టు 2న జమ్మూకశ్మీర్ ప్రభుత్వం ఉగ్రదాడుల సమాచారం ఉందంటూ అమర్‌నాథ్ యాత్రికులూ టూరిస్టులూ వెంటనే లోయ వదిలి వెళ్లాలని చెప్పింది. మూడు రోజులకు, ఆగస్టు 5న, కేంద్రం 370వ అధికరణాన్ని నిర్వీర్యం చేసింది. టూరిస్టుల మీద ఆ సూచనను ఎత్తివేసింది అక్టోబర్ 10న. హెచ్చరికలో రాసిన కారణం ఒక్కటే, కానీ ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు రెండో కారణాన్ని కూడా చదువుకున్నారు. ఇక్కడ నష్టం ఒక్క సీజన్‌ది కాదు. రేపు నిజంగా దాడి సమాచారం ఉండి హెచ్చరిక ఇచ్చినా ‘ఇంకేదో ఉందిలే’ అనుకునే అలవాటు జనానికి వస్తుంది.

బిల్లు ఎవరి జేబు నుంచి?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బ్రిటన్‌లో హెచ్చరికకూ డబ్బుకూ ముడి ఉంది. ప్రభుత్వం ‘వెళ్లొద్దు’ అంటే సాధారణంగా ప్యాకేజీ టూర్ కంపెనీ ట్రిప్ రద్దు చేసి డబ్బు వాపస్ ఇస్తుంది. మాట వినకుండా వెళ్తే ఇన్సూరెన్స్ చెల్లకుండా పోతుంది. కఠినమే, కానీ ఎవరి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలుసు.

మన దగ్గర అంత సూటి ముడి కనిపించదు. విమాన సంస్థే ఫ్లైట్ రద్దు చేస్తే డీజీసీఏ నిబంధనల ప్రకారం డబ్బు వాపస్ గానీ ఇంకో ఫ్లైట్ గానీ ఇవ్వాలి. ఫ్లైట్ నడుస్తూనే ఉండి, ప్రభుత్వ హెచ్చరిక చూసి ప్రయాణికుడు తానే మానుకుంటే? అప్పుడు అది మామూలు క్యాన్సలేషన్. టికెట్ మీద రాసిన ఛార్జీలు కోస్తారు. చవక టికెట్ అయితే పన్నులు తప్ప ఏమీ రాకపోవచ్చు. అంటే ప్రభుత్వ మాట విన్న మనిషి జరిమానా కట్టినట్టే. వినకుండా వెళ్లిన మనిషికి ఇంకో తంటా. చాలా ట్రావెల్ పాలసీల్లో యుద్ధం వల్ల కలిగే నష్టానికి కవర్ ఉండదు. హెచ్చరిక ఉన్న దేశానికి తెలిసీ వెళ్తే క్లెయిమ్ తిరస్కరించే షరతు కూడా కొన్నింట్లో ఉంటుంది. జపాన్ విషయంలో చైనా సంస్థలు ఒక్క రోజులో ఉచిత రీఫండ్ ఇవ్వగలిగాయంటే, సర్కారు తలచుకుంటే సాధ్యమేనని అర్థం.

కార్మికుడి లెక్క ఇంకో రకం. సౌదీ, కువైట్, యూఏఈ, ఇరాక్, మలేషియా వంటి 18 దేశాలకు పదో తరగతి లోపు చదివినవాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, దానిపై పన్ను. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల కవర్. ఇజ్రాయెల్ ఆ 18 దేశాల జాబితాలో లేదు. యుద్ధం నడుస్తున్న దేశానికి ప్రభుత్వమే వేలమందిని పంపే ఒప్పందం చేసుకుంది గానీ, దుబాయ్ వెళ్లే హెల్పర్‌కు తప్పనిసరి అయిన ఈ తనిఖీ అక్కడికి వెళ్లే మేస్త్రీకి తప్పనిసరి కాలేదు. కార్మిక సంఘాలు ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించినప్పుడు ఎత్తిన అంశాల్లో ఇదొకటి.

పైగా అప్పు చేసి వీసా కొన్నవాడికి ‘అనవసర ప్రయాణం మానుకోండి’ అనే మాట ఎలా వినబడుతుంది? వడ్డీ నెలనెలా ఎక్కుతుంటే ఏ ప్రయాణం అనవసరం?

ఈ ‘అవసరం’ అనే మాట జియారత్‌కు వెళ్లే కుటుంబాలకూ చిక్కే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం మొదలైనప్పుడు మషద్, ఖుమ్ నగరాల్లో మన యాత్రికులున్నారు, టెహ్రాన్, ఉర్మియాల్లో మెడిసిన్ విద్యార్థులున్నారు. జూన్ మూడో వారంలో ఎంబసీ, టెహ్రాన్‌లో ఉన్నవాళ్లలో సొంత ఏర్పాట్లతో వెళ్లగలిగినవాళ్లు నగరం బయటికి వెళ్లిపోవాలని చెప్పింది. సొంత ఏర్పాటు అంటే కారు, భాష, చేతిలో రియాళ్లు. డెబ్బై ఏళ్ల అమ్మీతో గ్రూపులో వెళ్లినవాళ్ల దగ్గర ఇవన్నీ ఎక్కడివి? ఆ తర్వాత ‘ఆపరేషన్ సింధు’ మొదలైంది. ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి మొత్తం 4,415 మంది భారతీయులను తెచ్చారు. భారత్ కోసం ఇరాన్ మూసిన తన గగనతలాన్ని ప్రత్యేకంగా తెరిచింది. ఇంత పెద్ద పని ఇంత తక్కువ రోజుల్లో చేసినందుకు మెచ్చుకోవాల్సిందే.

జూలై నెల మధ్యలో ఎంబసీ మరో సలహా ఇచ్చింది: ఇరాన్‌కు అనవసర ప్రయాణాలు పెట్టుకునే ముందు పరిస్థితిని జాగ్రత్తగా ఆలోచించుకోండి. అప్పటికి అర్బయీన్‌కు నెల రోజులుంది. ఏళ్లుగా మన్నత్ మొక్కుకుని, చిట్టీ కట్టి డబ్బు పోగేసుకున్న కుటుంబానికి కర్బలా, మషద్ ప్రయాణం అవసరమా, అనవసరమా? బ్రిటన్ ఈ ప్రశ్నకు సూటిగా చెబుతుంది: ఏది తప్పనిసరో మీరే తేల్చుకోండి అని. మన సలహాలో ఆ మాట కూడా లేదు. దాంతో ఒకే వీధిలో ఒక ఏజెంట్ ‘గవర్నమెంట్ వద్దంది, గ్రూప్ క్యాన్సల్, అడ్వాన్స్ రాదు’ అంటాడు. ఇంకో ఏజెంట్ ‘వద్దనలేదు, ఆలోచించమంది అంతే, రండి’ అంటాడు. ఇద్దరూ ఒకే ప్రకటన చూపిస్తారు.

కాబట్టి ప్రకటన చదివేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. అది ఏ తేదీన వచ్చింది అన్నది అన్నిటికన్నా ముఖ్యం. పాత హెచ్చరిక స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ఏడాది తర్వాత కూడా తిరుగుతుంటాయి. విదేశాంగ శాఖ చెప్పిందా, అక్కడి ఎంబసీ చెప్పిందా, ఎవరో ఛానల్ వాళ్లు చెప్పారా అన్నది తర్వాతి ప్రశ్న. దేశం మొత్తానికా, ఒక నగరానికా, సరిహద్దుకా? వెళ్లొద్దు అందా, జాగ్రత్త అందా? అదే దేశం గురించి బ్రిటన్, అమెరికా ఏమంటున్నాయో కూడా పక్కన పెట్టి చూస్తే మంచిది. ముగ్గురూ ఒకటే మాట అంటుంటే రాజకీయం పాలు తక్కువని అనుకోవచ్చు. ఒక్కరే అంటుంటే ఆ వారం ఆ రెండు దేశాల మధ్య ఏం జరిగిందో పేపర్లో వెతకాలి. వెళ్లాక ఎంబసీలో పేరు నమోదు చేసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. 2025 జూన్‌లో బస్సు ఎక్కాల్సినవాళ్ల జాబితాలు తయారైంది ఇలాంటి నమోదుల నుంచే.

టికెట్, ప్యాకేజీ డబ్బు కట్టేటప్పుడు ఏజెంట్‌తో రసీదు మీద ఒక్క లైన్ రాయించుకోవాలి. బయలుదేరే లోపు మన ప్రభుత్వం ఆ దేశానికి వెళ్లొద్దని చెబితే ఎంత వాపస్ ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే నోటి మాట పనికిరాదు, ఆ రసీదే చూపించాలి. రాయడానికి ఏజెంట్ వెనకాడితే, అడ్వాన్స్ ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి ఇంకో ఏజెంట్‌ను అడగడానికి వీలుంటుంది.